ఒలింపిక్స్ నిర్వహిస్తే ఆ నగరానికి, అక్కడి జనానికి నిజంగా లాభమేనా?

లాభం ఉంటుంది, కానీ చాలామంది వెతికే చోట కాదు. పర్యాటకులు, హోటళ్లు, టికెట్లు అని మొదట లెక్క చెబుతారు. ఆ సందడి కొన్ని వారాలదే. పైగా రద్దీకీ ధరలకూ జడిసి, మామూలుగా వచ్చే పర్యాటకులు కొందరు ఆ సమయంలో రావడం మానుకుంటారు.

ఏళ్ల తరబడి వాయిదా పడుతున్న పనులకు కదల్చలేని గడువు దొరకడమే అసలు మేలు. బార్సిలోనా 1992 ఒలింపిక్స్‌ను సాకుగా చేసుకుని (మంచి అర్థంలోనే అంటున్నాను) పాత కర్మాగారాలు, రైలు పట్టాలు అడ్డుగా ఉన్న సముద్రతీరాన్ని ప్రజలకు తెరిచింది, నగరం చుట్టూ రహదారులు పూర్తిచేసింది. 2012 క్రీడల కోసం లండన్ తూర్పు ప్రాంతంలో కలుషితమైన పారిశ్రామిక భూమిని శుభ్రం చేసి పార్కుగా మార్చారు. క్రీడాకారులు బస చేసిన భవనాలు తర్వాత నివాస గృహాలయ్యాయి. దాదాపు 70,000 మంది స్వచ్ఛంద సేవకులుగా పనిచేశారు. ఒకే పని మీద అంతమంది అపరిచితులు కలవడం ఏ ఆదాయ పట్టికలోనూ కనిపించదు, నా దృష్టిలో అదీ లాభమే.

డబ్బు మిగిలిన సందర్భమూ ఉంది. 1984లో లాస్ ఏంజెలెస్ 1932 ఒలింపిక్స్ నాటి స్టేడియాన్నే మళ్లీ వాడుకుంది, కొత్త కట్టడాలు తగ్గించింది. 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలితే, అందులో కొంత భాగంతో పిల్లల క్రీడలకు నిధి ఏర్పాటైంది. 1976లో భారీ స్టేడియం కట్టిన మాంట్రియల్ మాత్రం అప్పు తీర్చేసరికి 2006 వచ్చింది.