ఆత్మీయులు చనిపోయినప్పుడు ఏడిస్తే విశ్వాసం లేనట్టా? ఆ దుఃఖంలో క్రైస్తవ నిరీక్షణ, అంటే దేవుడి మీద ఆశ, ఎలా దొరుకుతుంది?

ఏడవడం అవిశ్వాసం కానే కాదు. యోహాను సువార్త 11వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. యేసు స్నేహితుడైన లాజరును సమాధి చేసి నాలుగు రోజులైంది. అతన్ని చావు నుంచి లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా లాజరు సహోదరి మరియ ఏడుపు చూసి ఆయన కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. "మీరు ఇక్కడుంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు" అని ముందు మార్త, తర్వాత మరియ అన్నారు. ఆయన ఇద్దరినీ కోప్పడలేదు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ధైర్యమిచ్చేది అదే.

అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి రాసింది కూడా దుఃఖపడొద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని. ఆ నిరీక్షణకు ఆధారం క్రీస్తు పునరుత్థానం. 1 కొరింథీయులు 15లో ఆయన్ని ప్రథమఫలం అంటాడు. అంటే తొలి పంట చేతికొచ్చింది, మిగతాది రావాల్సి ఉంది. ఆయనలో నిద్రించినవాళ్లు, అంటే ఆయన్ని నమ్మి చనిపోయినవాళ్లు కూడా లేస్తారని విశ్వాసులు నమ్మేది అందుకే.

ఈ నిరీక్షణ ఉంటే బాధ వెంటనే పోతుందని అనుకోకండి. ప్రార్థనకు మాటలు రాకపోతే 88వ కీర్తన చదవండి. అది చీకట్లోనే ముగుస్తుంది, అయినా అది దేవుడికి చేసిన ప్రార్థనే. సంఘంలో నమ్మకమైన ఒకరితో మనసు విప్పి మాట్లాడండి. నిద్ర, తిండి లేకుండా వారాలు గడుస్తుంటే డాక్టర్‌ని కూడా కలవండి.