ఒక్క జెండా పడితే డబ్బు రాదు

"కాసినో పాచికల ఆటల్లో, గుర్రప్పందాల్లో ఎక్కువ పోకుండా జాగ్రత్తగా ఆడే పద్ధతి ఉందా? ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలిచి తీరుతాం కదా?" అని అడిగారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఆ రెట్టింపు లెక్క మా ఇంట్లో జరిగింది.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పెళ్ళి సంబంధాలు పాతపట్నం వైపు. మా చిన్న మావయ్య కొమ్ముపని చేసేవాడు. గేదె కొమ్ముని కాచి, వంచి, చెక్కి కొంగలు, రొయ్యలు తయారుచేసేవాడు. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో అమ్మవారి సంబరానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేడు. సరుకు కొనడానికి ఉంచుకున్న 1600 రూపాయలు లోపలి జేబులో ఉన్నాయి.

జీళ్ళ దుకాణాలు దాటేక ఒక పెట్రోమాక్సు కింద గుండాట బోర్డు. ఒడియావాళ్ళు ఝండీ ముండా అంటారు. గుడ్డ మీద ఆరు గళ్ళు: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, జెండా, ముఖం. అవే బొమ్మలున్న ఆరు పాచికలు డబ్బాలో వేసి గిలక్కొట్టి బోర్లిస్తారు. మనం కాసిన బొమ్మ ఒక్కటీ పడకపోయినా, ఒక్కటే పడినా డబ్బు బోర్డువాడిది. రెండు పడితే మన డబ్బు మనకిచ్చి దానికి రెండింతలు, మూడు పడితే మూడింతలు, అలా ఆరు దాకా.

మావయ్య ఒక పాచిక అడిగి తీసుకున్నాడు. వేళ్ళ మధ్య తిప్పేడు, అంచులు గోటితో రాసి చూసేడు, అరచేతిలో తూచేడు. బోర్డువాడు అడ్డు చెప్పలేదు. "బరువు అన్ని వైపులా ఒక్కలాగే ఉందిరా అల్లుడూ. ఇందులో దొంగతనం ఏటీ లేదు" అన్నాడు. వెంట్రుకవాసి తేడా పట్టగల చేతులవి. ఆ మాట నిజమేనని ఇప్పటికీ నమ్ముతాను.

పదితో మొదలెట్టేడు, జెండా మీద. పోతే ఇరవై, పోతే నలభై. గెలిస్తే మళ్ళీ పది. "ఎన్నిసార్లు పోతాది? ఒక్కసారి పడితే అన్నీ తిరిగొస్తాయి" అని నాకు చెప్తూనే ఉన్నాడు. గంటలో నూట నలభై లాభం. నేను పకోడీలు తెచ్చేను.

ఆ తర్వాత వరసగా పోయింది. పది, ఇరవై, నలభై, ఎనభై, నూట అరవై, మూడొందల ఇరవై. మొత్తం 630. ఏడో పందేనికి 640 తీసేడు. బోర్డువాడు చెయ్యి అడ్డంపెట్టి, "ఐదొందలకి మించి నా బోర్డు మీద పట్టను బాబూ" అన్నాడు. మావయ్య మొహం అప్పుడు చూసేను. పద్ధతి అక్కడితో తెగిపోయిందని ఆయనకీ తెలిసింది, కానీ చెయ్యి ఆగలేదు. ఐదొందలు పెట్టేడు, పోయింది. ఇంకో ఐదొందలు పెట్టేడు. డబ్బా లేపితే ఒకే ఒక్క జెండా, మా వైపే చూస్తున్నట్టు. దానికి డబ్బు రాదు.

మిగిలిన 110తో జీళ్ళు కొని, మా అత్తకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఊరి దాకా నడిచేం. ఆ నెలంతా ఆయన వేరేవాళ్ళ దగ్గర కూలికి కొమ్ము చెక్కేడు.

డిగ్రీలో సంభావ్యత చదివేక కూర్చుని లెక్కేసేను. ఆరు పాచికలు 46,656 రకాలుగా పడతాయి. వాటిలో 34,375 సార్లు బోర్డువాడిదే గెలుపు. అంటే నూటికి 74. అందులోనూ నూటికి నలభై సార్లు సరిగ్గా ఒక్క జెండా పడుతుంది. అందుకే జెండా ఎప్పుడూ వస్తూనే ఉన్నట్టుంటుంది, డబ్బు మాత్రం రాదు. వరసగా ఆరుసార్లు ఓడే అవకాశం నూటికి 16. అది అరుదైన దురదృష్టమేం కాదు, ఒక రాత్రి ఆడితే తప్పక ఎదురయ్యేదే. సగటున నూరు రూపాయల పందేనికి దాదాపు 14 రూపాయలు బోర్డువాడికి మిగులుతాయి. పాచికలో మోసం అక్కర్లేదు.

ఇక కాసినో. అక్కడి పాచికల ఆట క్రాప్స్, రెండు పాచికలతో. పాస్ లైన్ మీద, అంటే పాచికలు వేసేవాడు గెలుస్తాడని, కాస్తే సగటున 495 ఆటల్లో 244 గెలుపు, 251 ఓటమి. నూటికి రూపాయీ నలభై పైసలు పోతుంది. దాని వెనక ఆడ్స్ అని అదనపు పందెం పెట్టొచ్చు, అందులో కాసినోకి ఏమీ మిగలదు. జాగ్రత్త అంటే ఈ రెండే. టేబుల్ మధ్యలో ఎనీ సెవెన్ అనే పందెం ఊరిస్తుంది, వచ్చే విసురుకి రెండు పాచికలూ కలిపి ఏడు పడాలి. 36 రకాల్లో ఏడు పడేవి ఆరే కాబట్టి రూపాయికి ఐదు ఇవ్వాలి, నాలుగే ఇస్తారు. దాని జోలికి పోవద్దు. రెట్టింపు పెడదామంటే అక్కడా టేబుల్ లిమిట్ ఉంటుంది, మా బోర్డువాడి చెయ్యిలాగే.

ఇంత చూసి ఆడినా, చిప్స్ (డబ్బుకి బదులు ఆడే బిళ్ళలు) కొనే డబ్బు మీదే జీఎస్టీ. 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40. గెలిచిన దాని మీద మళ్ళీ 30 శాతం ఆదాయపు పన్ను. రూపాయీ నలభై పైసల లెక్కకి ఇంక విలువేముంది?

నలుడి కథలో ఋతుపర్ణుడు తాండ్ర చెట్టు ఆకుల్నీ కాయల్నీ చూపుతోనే లెక్కగట్టేస్తాడు. ఆయన నలుడికి నేర్పిన పాచికల విద్య, అక్షహృదయం, అంటే అదే అని నా అభిప్రాయం. పాచిక తెలియడం వేరు, లెక్క తెలియడం వేరు. బదులుగా నలుడు ఆయనకి గుర్రాల విద్య నేర్పేడు.

గుర్రాల దగ్గర నిజంగా కొంత విద్య ఉంది. 1996లో సుప్రీంకోర్టు కూడా అది నైపుణ్యం ఉన్న ఆటేనని చెప్పింది. ఉద్యోగం కోసం పదకొండేళ్ళు హైదరాబాదులో ఉన్నాను, వానాకాలం రేసులకి మలక్‌పేట వెళ్ళేవాణ్ణి. టోట్‌లో మీరు కాసినో మీద ఆడరు, పక్కవాళ్ళ మీద ఆడతారు. అందరి డబ్బూ ఒకచోట చేర్చి, పన్నూ క్లబ్బు వాటా తీసేసి, మిగిలింది గెలిచినవాళ్ళకి పంచుతారు. నా పద్ధతి: 300 చొక్కా జేబులో, బస్సు డబ్బులు ప్యాంటు జేబులో. మొదటి రేసు ఆడను. ప్యాడాక్‌లో రేసుకి ముందు గుర్రాన్ని నడిపిస్తున్నప్పుడు మెడ మీద నురగలా చెమట పట్టిందంటే దాన్ని వదిలేస్తాను. హ్యాండిక్యాప్‌లో (బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు మోయించే రేసులో) బరువు ఎంత పెరిగిందో చూస్తాను. ఫేవరెట్ (ఎక్కువమంది కాసిన గుర్రం) మీద ప్లేస్ (మొదటి రెండు మూడు స్థానాల్లో వస్తే చాలు) మాత్రమే, రోజుకి రెండు రేసులు. పది గుర్రాల రేసులో టానాలా (మొదటి మూడు గుర్రాల్నీ వరసగా చెప్పడం) 720 రకాలుగా పడొచ్చు, దాని మీద పది రూపాయలైనా పెట్టను. ఇంతా చేసి పదకొండేళ్ళలో నాకు పోయింది నాలుగు వేలు చిల్లర, నోటుపుస్తకంలో ఉంది. రేసు పందేల్లో ప్లేసే కాస్త జాగ్రత్తైనది.

గేటు బయట చీటీ మీద గుర్రం పేరు రాసిచ్చి వంద అడిగేవాళ్ళని నమ్మకండి. ఒకే రేసుకి ఇద్దరికి రెండు పేర్లు ఇవ్వడం కళ్ళారా చూసేను. ఫోన్లో పాచికల యాప్‌లు ఇంకా దారుణం. మావయ్య కనీసం పాచికని చేతిలోకి తీసుకుని తూచగలిగేడు. మా వీధి కుర్రాళ్ళు తూచడానికి ఏముంది? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో చట్టం నిషేధించినా ఇంకా దొంగచాటుగా ఆడుతున్నారు, ఇళ్ళలో తల్లులు ఏడుస్తున్నారు.

రేసు పుస్తకం ఎలా చదవాలో కావాలంటే అడగండి, వివరంగా రాస్తాను. ఏ గుర్రం గెలుస్తుందని మాత్రం నన్ను అడగొద్దు.