లండన్ ఎల్ఎల్ఎం కోసం రాయగడ ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. పేపరు మిల్లులో ఉద్యోగం, పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుంది. మా అమ్మాయి ఈ ఏడాదే అయిదేళ్ల లా కోర్సు ముగించింది. లండన్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌పై (వివాదాలను కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతో తేల్చుకునే పద్ధతి) ఎల్ఎల్ఎం, అంటే లా పీజీ సీటు వచ్చింది. ఫీజు 30 వేల పౌండ్లు. అక్కడే లాయరుగా స్థిరపడతానంటోంది. పీఎఫ్‌లో 22 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 14 లక్షలు ఉన్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు తెస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పౌండును 120 రూపాయలుగా వేసుకున్నా ఫీజే 36 లక్షలు. లండన్‌లో చదివేవారు నెలకు 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చుకు డబ్బుందని వీసా కోసం చూపించాలి. విద్యారుణం మంజూరు పత్రమైనా చెల్లుతుంది. ఆ తొమ్మిది నెలల ఖర్చు మరో పదహారున్నర లక్షలు. కోర్సు ఏడాది కాబట్టి మిగిలిన మూడు నెలలూ అమ్మాయి అన్నం తినాలి కదా! అదో అయిదున్నర లక్షలు. వీసా, విమానం, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జీ కలిపితే లెక్క 60 లక్షల దగ్గర ఆగుతుంది.

ఇక మీరు అడగని ప్రశ్నకు వస్తాను. ఎల్ఎల్ఎం పట్టా చేతికొస్తే అక్కడ లాయరు అయిపోయినట్టు కాదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (అక్కడి లాయర్లలో ఒక రకం) కావాలంటే 2021లో మొదలైన ఎస్‌క్యూఈ అనే రెండు దశల పరీక్ష గట్టెక్కాలి. దానికి ఎల్ఎల్ఎం అక్కర్లేదు. మన దగ్గర న్యాయవాదిగా అర్హత పొందినవారికి రెండేళ్ల పని అనుభవం షరతు కూడా వర్తించదు. మొదటి దశను మన దేశంలోని కేంద్రాల్లోనే రాయవచ్చు. రెండు దశల పరీక్ష ఫీజు 5 వేల పౌండ్లకు అటూ ఇటూ, అంటే ఎల్ఎల్ఎం ఫీజులో ఆరో వంతు. ఈ మాట మీ అమ్మాయికి తెలిసే ఉండవచ్చు. మీకు చెప్పిందో లేదో నాకు అనుమానమే.

అయితే ఎల్ఎల్ఎం దండగ అనను. ఆర్బిట్రేషన్‌లో పరిచయాలకు, పాండిత్యానికి విలువ ఎక్కువ. కానీ రెండు మూడు కేసుల ఫైళ్లు మోసి వెళ్లినవారికి అక్కడ దక్కేది వేరు, పరీక్ష హాలు నుంచి నేరుగా విమానం ఎక్కినవారికి దక్కేది వేరు. పైగా చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే.

ఆ 18 నెలల్లో ఉద్యోగం కుదరలేదనుకోండి. 10 శాతం వడ్డీకి 40 లక్షలు ఒకేసారి తీసుకుంటే, చదువు ఏడాది, ఆపై ఆరు నెలల విరామం ముగిసేసరికి అది 46 లక్షలవుతుంది. పదిహేనేళ్ల వాయిదా నెలకు దాదాపు 49,400 రూపాయలు. కటక్ హైకోర్టులో సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే తొలి ఏళ్లలో అందులో సగం చేతికి రావడమూ కష్టమే. అప్పటికి మీ జీతం ఆగిపోయే రోజు దగ్గరపడుతుంది. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛను మామూలుగా నెలకు 7,500 దాటదు. అందుకే పీఎఫ్‌ను ఈ లెక్కలోకి రానివ్వకండి. అది మీ ఇద్దరి ముసలితనపు బియ్యం డబ్బా.

ఇంటి సంగతి మరీ చిక్కు. రాయగడ జిల్లా రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారడంపై ఆంక్షలు పెట్టే 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ అమల్లో ఉంది. మీ నాన్నగారు స్థలం కొన్నది ఎవరి దగ్గర, వారికి ఎవరి నుంచి వచ్చింది అని బ్యాంకు లాయరు గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్తాడు. మధ్యలో ఒక్క లింకు దస్తావేజు దొరకకపోయినా ఫైలు అక్కడే కూర్చుంటుంది. కాలేజీ మాత్రం మీ కోసం ఆగదు.

నా సలహా ఇది. సీటును వాయిదా వేయడం కుదురుతుందేమో విశ్వవిద్యాలయాన్ని అడగండి. కుదరకపోతే వదిలేయండి, మళ్లీ వస్తుంది. అమ్మాయిని రెండేళ్లు ముంబైలోనో ఢిల్లీలోనో ఆర్బిట్రేషన్ చేసే సంస్థలో పని చేయనివ్వండి. హైదరాబాద్‌లోనూ 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం ప్రారంభమైంది, భాష తెలిసిన ఊరు. ఆ రెండేళ్లు పూర్తయితే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు అర్హత వస్తుంది. వస్తే ఫీజు, బస, విమాన ఖర్చు వాళ్లవే. కాకపోతే చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. లండన్‌లోనే స్థిరపడాలనుకునే అమ్మాయికి అది ఇష్టమో కాదో ముందే తేల్చుకోండి. జె.ఎన్. టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్‌కూ దరఖాస్తు చేయించండి.

చివరికి కొంత అప్పు తప్పకపోతే, అమ్మాయి జీతంతో కట్టగలిగినంతే తీసుకోండి. బ్యాంకు విద్యారుణంతో పంపే డబ్బుపై 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే కోస్తారు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. వడ్డీపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే.

ఇక తాకట్టు మాట మళ్లీ ఎప్పుడైనా వస్తే రాయగడ శాఖలోనే అడగండి. విశాఖకు వెళ్తే, ఒడియా పట్టా చదివే లాయరును వెతకడానికే ఒక నెల పోతుంది.