యేసు వెనకాల ఇంకో దేవుడు ఉన్నాడా? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. పేరు వేయొద్దు ప్లీజ్. చిన్నప్పట్నుంచి చర్చికి వెళ్తున్నదాన్నే, యేసయ్య అంటే నాకు అస్సలు భయం లేదు, ఏడుపొచ్చినా ఆయనతోనే చెప్పుకుంటా. కానీ "తండ్రియైన దేవుడు" అనగానే లోపల ఏదో బిగుసుకుపోతుంది. పాత నిబంధన తీస్తే జలప్రళయం, సొదొమ, కనాను యుద్ధాలు. యేసయ్య మంచివాడే, ఆయన వెనకాల ఉన్న దేవుడు కూడా అంతే మంచివాడా? లేక యేసయ్య అడ్డంగా నిలబడ్డాడు కాబట్టి మనల్ని ఏమీ అనకుండా ఊరుకున్నాడా? ఇలా అడగడం పాపమేమో అని కూడా అనిపిస్తోంది.

జవాబు: పాపం కాదమ్మా. ఈ డౌట్ చాలామందికి ఉంది, బయటికి అడగరు అంతే. శిష్యుడే అడిగాడు, మనమెంత.

యోహాను 14లో ఫిలిప్పు "ప్రభువా, తండ్రిని మాకు కనబరచుము, మాకంతే చాలును" అన్నాడు కదా. దానికి యేసు ఇచ్చిన జవాబు మనందరికీ కంఠతా వచ్చు, "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు". కంఠతా వచ్చు కాబట్టే దాన్ని ఆగి చూడం. ఇది ఏ కొండ మీదో, వేలమంది ముందో చెప్పిన మాట కాదు, ఆయన్ని పట్టుకుపోయే రాత్రి భోజనం బల్ల దగ్గర చెప్పిన మాట. ఒక్క అధ్యాయం వెనక్కి తిప్పండి. భోజనం మధ్యలో యేసు లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకి కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి ఒక్కొక్కరి కాళ్లూ కడిగి, ఆ తువాలుతోనే తుడిచాడు. అది ఇంట్లో దాసులు చేసే పని, అందుకే పేతురు నా కాళ్లు ఎన్నడూ కడగవద్దు అని మొండికేశాడు. యూదా అప్పటికి ఇంకా బయటికి వెళ్లలేదు, అంటే అప్పగించబోయేవాడి కాళ్లు కూడా కడిగాడన్నమాట. ఫిలిప్పు కాళ్లు కూడా. అదే రాత్రి ఆ ఫిలిప్పే దేవుణ్ణి చూపించు అంటున్నాడు!

ఇంకో సంగతి ఉంది, 13వ అధ్యాయం 3వ వచనం గబగబా చదివితే దాటిపోతుంది. తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడనీ, తను దేవుని దగ్గరనుంచి వచ్చాడనీ, దేవుని దగ్గరికే వెళ్తున్నాడనీ యేసుకి తెలుసు, తెలిసే లేచి తువాలు కట్టుకున్నాడు అని రాశాడు యోహాను. మనం ఎలా అనుకుంటామంటే, ఆయన దేవుడే కానీ ఆ కాసేపు దైవత్వం పక్కన పెట్టి పనివాడిలా నటించాడు అని. యోహాను అలా రాయలేదు. సమస్తమూ చేతిలో ఉన్న దేవుడు ఆ చేతులతో ఏం చేస్తాడో అక్కడ కనపడింది, దేవుడంటే అలాంటివాడే అని నేను చదువుతాను. నువ్వు భయపడే ఆ తండ్రి స్వభావం అదేనమ్మా.

ఇక "అడ్డంగా నిలబడ్డాడు" అన్నావు చూడు, ఆ తప్పు నీది కాదు, మా ప్రసంగాలది. కోర్టు కథ వినే ఉంటావు, కఠినమైన జడ్జి, తప్పించుకోలేని నేరస్థుడు, మధ్యలో దూరి శిక్ష తన మీద వేసుకున్న దయగల కొడుకు. మంచి ఉద్దేశంతోనే చెప్తారు, యేసు మన స్థానంలో చనిపోయాడనేది బైబిలు మాటే, దాన్ని నేనేమీ కాదనట్లేదు, కానీ ఆ కథ విని ఇంటికెళ్లేవాడికి కొడుకు మంచోడు తండ్రి కోపిష్టి అనే మిగులుతుంది. మరి లేఖనం? దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించి కుమారుణ్ణి ఇచ్చాడు అని మొదలుపెడుతుంది, కుమారుడు వెళ్లి తండ్రిని ప్రేమించేలా ఒప్పించాడు అని ఎక్కడా లేదు. 2 కొరింథీ 5:19 చూడు, దేవుడు క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకుంటున్నాడు. సమాధానం కావాలని ముందుకొచ్చింది తండ్రే. సిలువ మీద నువ్వు చూసే ప్రేమ తండ్రి ప్రేమ కూడా, కుమారుడి ఒక్కడిదే కాదు.

పాత నిబంధన సంగతి. యేసు దేవుడు వేరు పాత నిబంధన దేవుడు వేరు అనే ఆలోచన కొత్తది కాదు, రెండో శతాబ్దంలోనే మార్కియోను అనే ఆయన దీన్ని పూర్తి బోధగా తయారుచేశాడు. పాత నిబంధన మొత్తం తీసేసి, తనకి నచ్చినట్టు కత్తిరించిన లూకా సువార్త, పౌలు పత్రికలు 10 మాత్రం ఉంచుకున్నాడు. రోమా సంఘం 144 ప్రాంతంలో ఆయన్ని బయటికి పంపేసింది, అంతకుముందు ఆయన ఇచ్చిన పెద్ద కానుక కూడా తిరిగిచ్చేసిందట (కానుక తిరిగిచ్చిన సంఘాల గురించి మనం తరచూ వినం, అందుకే చెప్తున్నా). ఎందుకంత గట్టిగా నిలబడ్డారంటే, యేసు తన తండ్రి అని పిలిచింది అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవుణ్ణే, ఆయన చదివిన లేఖనాలు అవే, సిలువ మీద చేసిన ప్రార్థన కూడా కీర్తనల్లోదే.

పైగా పాత నిబంధనలో దేవుడు ఎప్పుడూ కోపంగానే ఉంటాడు అనేవాళ్లు దాన్ని పూర్తిగా చదవలేదని నా అనుమానం. నిర్గమ 33, 34 అధ్యాయాల్లో మోషే నీ మహిమ చూపించు అని అడిగితే, నా ముఖం చూసి ఎవడూ బతకడు అని చెప్పి, బండ సందులో నిలబెట్టి, ఆయన దాటి వెళ్తూ తన గురించి తనే ప్రకటించుకున్న మొదటి మాటలు కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములు. దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు అనే మాట కూడా అక్కడే ఉంది, దాన్ని దాచను. కానీ ముందు వచ్చింది కనికరం. యోనా నీనెవెకి వెళ్లనని పారిపోయింది కూడా అందుకే, దేవుడు కఠినుడని కాదు, నువ్వు జాలిగల దేవుడివి, వాళ్లని క్షమించేస్తావని నాకు ముందే తెలుసు అని నాలుగో అధ్యాయంలో దేవుడి మీదే అలిగాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో యేసుని "కృపాసత్యసంపూర్ణుడు" అన్నప్పుడు మోషే విన్నదే వినపడాలి మనకి. మోషే వెనక నుంచి చూశాడు, మనకి ముఖమే కనపడింది.

కనాను యుద్ధాలు మాత్రం కష్టమే. ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లని నేను నమ్మను, భక్తిగల పండితులే ఇందులో ఒక మాట మీద లేరు. నేను పట్టుకునే దారి ఏంటంటే, పూర్వం దేవుడు "నానాసమయములలోను నానావిధములుగాను" మాట్లాడాడు, చివరికి కుమారుని ద్వారా మాట్లాడాడు అని హెబ్రీ 1 చెప్తోంది కాబట్టి, ఆఖరి మాటని బట్టి ముందు మాటల్ని చదవాలి తప్ప తిరగేసి కాదు. లూకా 9లో సమరయుల ఊరివాళ్లు యేసుని రానివ్వకపోతే యాకోబు యోహాను ఏమన్నారు? ఆకాశం నుంచి అగ్ని రప్పించి కాల్చేద్దామా అన్నారు. ఏలీయా ప్రవక్త ఆకాశం నుంచి అగ్ని రప్పించిన కథ వాళ్లకి బాగా తెలుసు, వాక్యం ఉంది చేతిలో. యేసు వెనక్కి తిరిగి గద్దించింది ఆ ఊరివాళ్లని కాదు, వీళ్లిద్దరినీ. తర్వాత వేరే ఊరికి వెళ్లిపోయారు, అంతే. నేను కష్టమైన భాగం చదివిన ప్రతిసారీ ఈ సంఘటన పక్కన పెట్టుకుని చదువుతా.

అలాగని యేసు ఎప్పుడూ నవ్వుతూ తల నిమిరే ఆయన అనుకోకు. త్రాళ్లతో కొరడా చేసి దేవాలయంలో వ్యాపారుల్ని తోలేశాడు. మత్తయి 23 మొత్తం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. చిన్నవాళ్లలో ఒకణ్ణి పాడుచేసేవాడికి మెడకి తిరుగటిరాయి కట్టించుకుని సముద్రంలో మునగడమే మేలు అన్నాడు. అంటే దేవుడికి కోపం లేదని యేసు చూపించలేదు, అది ఎవరి మీద, ఎందుకు అనేది చూపించాడు. బరువులు కట్టి జనం మీద పెట్టేవాళ్లు, పరలోకం తలుపు మూసేవాళ్లు, పిల్లల్ని చెరిపేవాళ్లు. భయపడాల్సినవాళ్లు వాళ్లు. ఏడుపొస్తే ఆయన దగ్గరికి వెళ్లే నువ్వు కాదు.

ఒక్కటి చెప్పి ఆపుతా. మార్కు 1లో కుష్ఠరోగి "నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు" అన్నాడు. శక్తి ఉందని వాడికి గ్యారంటీ, ఇష్టం ఉందో లేదో తెలీదు. నీ ప్రశ్న కూడా అచ్చం అదే. యేసు "నాకిష్టమే" అన్నాడు, కానీ ఆ మాటకంటే ముందే చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం "అపవిత్రుణ్ణి, అపవిత్రుణ్ణి" అని అరుస్తూ పాళెం బయట బతకాల్సిన మనిషి, ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్లయిందో. మాటతోనే బాగుచేయొచ్చు, వేరేచోట చేశాడు కూడా. ఇక్కడ ముట్టుకున్నాడు. కుష్ఠరోగం ఉన్న ప్రతి ఒక్కరూ బాగైపోతారని దీని అర్థం కాదు, అడిగిన ప్రతిదీ రాకపోవచ్చు, అదొక బాధే. కానీ దేవుడికి నేనంటే ఇష్టమా అనే ప్రశ్నకి మాత్రం ఆ చెయ్యే జవాబు.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ స్టూడెంట్‌ని. యేసు దేవుణ్ణి పూర్తిగా చూపించాడు అంటారు. మరి మార్కు 13:32లో ఆ దినం గురించి కుమారుడికి కూడా తెలీదు అన్నాడు, యోహాను 14:28లో తండ్రి నాకంటే గొప్పవాడు అన్నాడు, రాత్రంతా ప్రార్థన చేశాడు. తనకే తెలియనివి ఉంటే "పూర్తిగా" అని ఎలా అంటాం? ఫ్రెండ్స్ అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు.

జవాబు: మంచి క్వశ్చన్ తమ్ముడూ, నాలుగో శతాబ్దంలో సంఘాన్ని ఊపేసిన క్వశ్చన్ ఇదే. అలెగ్జాండ్రియాలో ఏరియసు అనే సంఘ పెద్ద, ఇలాంటి వచనాలు చూపించే, కుమారుడు అందరికంటే గొప్పవాడే కానీ సృష్టించబడినవాడు అన్నాడు. 325లో నైసియాలో బిషప్పులు కూర్చుని కాదన్నారు, "నిజదేవుని నుండి నిజదేవుడు" అని విశ్వాస ప్రమాణంలో రాశారు. గొడవ అక్కడితో అయిపోలేదు, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా సాగింది, నైసియా పక్షాన నిలబడ్డ అతనాసియసు ఐదుసార్లు ప్రవాసానికి పోయాడు.

ఇంత గొడవ దేనికి? ఏరియసు చెప్పింది నిజమైతే నీ ప్రశ్నకి జవాబే ఉండదు. సిలువ మీద చూసింది ఒక గొప్ప సృష్టి ప్రేమ అవుతుంది, సృష్టించినవాడు ఎలాంటివాడో తెలియకుండానే మిగిలిపోతాడు. దేవుణ్ణి చూపించాలంటే దేవుడే రావాలి.

ఇక తెలియకపోవడం. పూర్తిగా చూపించాడు అంటే దేవుడికి తెలిసిన సమాచారం అంతా మనకి అప్పజెప్పాడని కాదురా. పూర్తిగా తెలిసింది ఆయన స్వభావం, ఆయన ఎలాంటివాడు అనేది. రెండో రాకడ డేట్ తెలిస్తే తండ్రి మనసు ఇంకాస్త బాగా తెలుస్తుందా? డేట్లు లెక్కలేసి చెప్పేవాళ్లని చూశాం కదా, వాళ్లకేం ఎక్కువ తెలిసింది. పైగా ఆయన నిజంగా మనిషయ్యాడు, 451లో కాల్సెదోను సభ సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు అని ఒప్పుకుంది. బాలుడుగా ఉన్నప్పుడు జ్ఞానంలోనూ వయసులోనూ వర్ధిల్లాడని లూకా 2:52లో ఉంది, ఆకలేసింది, అలిసిపోయి పడవలో నిద్రపోయాడు. "తెలీదు" అనడం కూడా ఆ మనిషితనంలో భాగమేనని చాలామంది సంఘ పితరులు (తొలి శతాబ్దాల సంఘ బోధకులు) చదివారు. "తండ్రి గొప్పవాడు" అన్నదాన్ని కొందరు ఆయన మానవత్వానికి, ఇంకొందరు కుమారుడు తండ్రి నుంచి వచ్చినవాడు అనే సంబంధానికి తీసుకున్నారు, రెండూ పాత వివరణలే, నాకు రెండోది ఇంకొంచెం నచ్చుతుంది.

ప్రార్థన గురించి నువ్వు తిరగేసి ఆలోచిస్తున్నావని నాకనిపిస్తోంది. దేవుడైతే ఎవరికి ప్రార్థన చేశాడు అని అడుగుతారు ఫ్రెండ్స్. కానీ ఆ ప్రార్థనే దేవుడి గురించి అన్నిటికంటే లోతైన సంగతి చెప్తుంది. యోహాను 17లో జగత్తు పునాది వేయకముందే నువ్వు నన్ను ప్రేమించావు అంటాడు తండ్రితో. అంటే లోకమే లేనప్పుడు, ప్రేమించడానికి మనం లేనప్పుడు కూడా దేవుడిలో ప్రేమ ఉంది, తండ్రీ కుమారుల మధ్య ఉంది. యేసు ప్రార్థన చేయకపోయి ఉంటే ఇది మనకి ఎలా తెలిసేది?

అంతుపట్టనిది ఇంకా చాలానే ఉంటుంది, పౌలే అద్దంలో చూసినట్టు అన్నాడు. కానీ తెలియనిదాంట్లోంచి యేసుకి విరుద్ధమైన దేవుడు బయటికి రాడు. ఫ్రెండ్స్‌కి ఇంత చెప్పు చాలు, వాదించి గెలవాలని చూడకు.

ప్రశ్న: ప్రార్థనలో కళ్లు మూసుకుంటే సినిమాలో చూసిన యేసు ముఖమే వస్తోంది బ్రదర్, తప్పా?

జవాబు: వచ్చేదాన్ని ఆపలేం, దాన్ని పట్టుకుని వేలాడకపోతే చాలు. పటాలు, ప్రతిమల మీద సంఘంలో పాత తగాదానే ఉంది, 787లో రెండో నైసియా సభ పటాలని గౌరవించొచ్చు అంది, ఆరాధన మాత్రం దేవుడికే అంది, ప్రొటెస్టెంట్ సంఘాలు చాలావరకు ఒప్పుకోవు, మీ సంఘం ఎలా చెప్తే అలా నడుచుకోండి. నన్ను ఆశ్చర్యపరిచేది వేరే. నాలుగు సువార్తలు రాసినవాళ్లలో ఒక్కరు కూడా ఆయన ఎత్తు, రంగు, జుట్టు గురించి ఒక్క లైన్ రాయలేదు. ఆయన ముఖాన్ని కళ్లారా చూసిన నజరేతువాళ్లు "ఈయన వడ్లవాడు కాడా" అని తీసిపారేశారు, పిలాతు ఎదురుగా నిలబెట్టుకుని చూసి కూడా సిలువకి అప్పగించాడు, కాబట్టి ముఖం చూసినంత మాత్రాన తండ్రి కనపడడు. సువార్తికులు రాసింది ఆయన ఎవరితో కూర్చుని తిన్నాడు, ఎవర్ని ముట్టుకున్నాడు, ఎక్కడ ఏడ్చాడు అనేది. మార్కు సువార్త 16 అధ్యాయాలే, ఒక్క కూర్చున్న పట్టున చదివేయొచ్చు, ప్రార్థనకి ముందు అందులోంచి ఒక సంఘటన చదివి కళ్లు మూసుకోండి, ఆ సినిమా ముఖం దానంతటదే పక్కకి పోతుంది.

(మిగతా ఉత్తరాలకి వచ్చే సంచికలో రాస్తాను, దశమభాగం గురించి చాలామంది అడిగారు, అది కూడా.)