వెల్లుల్లికి చలి తగలాలి

చి. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

వంటింట్లో మొలకెత్తిన వెల్లుల్లి రెబ్బలను శ్రావణంలోనే కుండీలో గుచ్చానని, ఆకులు జానెడు లేచాయని ఫోనులో చెప్పావు. నీ సంబరం చూసి అప్పుడు నోరు విప్పలేకపోయాను. వాటికి గడ్డలు ఊరవమ్మా. ఆకులు కోసి పప్పులో వేసుకో, పచ్చడిలో నూరుకో. గడ్డ కావాలంటే మాత్రం దీపావళి దాకా ఆగు.

ఆకు ఎప్పుడైనా వేస్తుంది. గడ్డ కట్టాలంటే ముందు చలి తగలాలి, ఆ తర్వాత పగటి పొద్దు పెరుగుతూ రావాలి. మన మైదానాల్లో అక్టోబరు చివరి నుంచి నవంబరు సగం లోపు నాటితేనే ఆ రెండూ వరసగా అందుతాయి. ఒక ఏడు ఇంటి పనుల్లో పడి నేను సంక్రాంతి వెళ్లాక నాటాను. మొక్కలు పచ్చగా పెరిగాయి. తీరా తవ్వి చూస్తే ఒక్కోదాని కింద గోలీకాయంత ఒంటిరెబ్బ! హైదరాబాదులో మార్గశిరం, పుష్యం చలి బాగానే పనికొస్తుంది. అయినా ముందుజాగ్రత్తగా, దసరా నాటికే గడ్డలను కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలు ఉంచు. గడ్డగానే ఉంచాలి. రెబ్బలు విడదీయడం నాటే రోజునే.

విత్తనానికి ఊటీ వెల్లుల్లి వద్దు. రెబ్బ పెద్దదని ఆశపడతాం గానీ అది కొండల చలికి అలవాటు పడ్డది. మన బజారుకు ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ వైపు నుంచి సరుకు వస్తుంది, అది మనకు సరిపోతుంది. గట్టిగా, బరువుగా ఉన్న గడ్డ ఎంచుకుని బయటి వరస రెబ్బలే నాటు. లోపలి సన్నవి కూరలోకి. పొట్టు ఒలవకు.

కుండీ తొమ్మిది అంగుళాల లోతుంటే చాలు. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి కలుపు. నీళ్లు నిలిస్తే రెబ్బ కుళ్లిపోతుంది. మొన పైకి, వేరు మచ్చ కిందికి ఉండేలా అంగుళంన్నర లోతున, నాలుగేసి అంగుళాల ఎడంతో పెట్టు. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఆకుల మీద తెల్లటి చారలు కనిపిస్తే తామర పురుగులు చేరినట్టే. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లు.

తవ్వే సమయం దగ్గరే చాలామంది పొరబడతారు. నాటిన నాలుగు నెలలకు కింది ఆకులు పండుతాయి. ఒక్కో ఆకు అడుగుభాగమే గడ్డ చుట్టూ ఒక్కో పొరగా ఉంటుంది. ఒక మొక్కను పెకలించి ఆకులను పైనుంచి కిందికి ఒలుచుకుంటూ పో, పొర ఎక్కడ మొదలైందో నీకే తెలుస్తుంది. ఆకు ఎండితే మట్టిలో ఆ పొర చివికిపోతుంది. అన్నీ ఎండేదాకా ఆగావో, గడ్డ విచ్చుకుని రెబ్బలు మట్టిలో చెదిరిపోతాయి. కింది ఆకులు మూడు నాలుగు ఎండి, పైన ఐదారు పచ్చగా ఉన్నప్పుడు తవ్వు. దానికి పది రోజుల ముందే నీళ్లు ఆపేయి. జాలిపడి ఒక్క చెంబు కూడా పోయకు.

తవ్వాక కడగకు. మట్టి దులిపి, ఆకులతోనే గాలి ఆడే నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టు. కాడలు ఇంకా మెత్తగా ఉండగానే జడలా అల్లి వంటింటి కిటికీ దగ్గర వేలాడదీయి. నా జడలో ఇంకా ఐదు గడ్డలున్నాయి. వాటిలో పెద్దవి రెండు నీ విత్తనానికి విడిగా తీసి ఉంచాను. బతుకమ్మకు వచ్చినప్పుడు గుర్తుచేసి పట్టుకెళ్లు.

నీ పెద్దమ్మ