డెల్ రంగానికి బయోటెక్ చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. డీఎన్‌ఏ ట్యాగులున్న రసాయన లైబ్రరీలతో మందులు కనిపెట్టే రంగంలోకి వెళ్తానంటోంది. ఎమ్మెస్సీకి బయోటెక్నాలజీ తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదండి. పేరులో డీఎన్‌ఏ ఉన్నా, ఇందులో కష్టమైన పనంతా ఆర్గానిక్ కెమిస్ట్రీదే. 1992లో బ్రెన్నర్, లెర్నర్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని ఇప్పుడు డెల్ (డీఎన్‌ఏ ఎన్‌కోడెడ్ లైబ్రరీ) అంటున్నారు. ప్లేటులోని ఒక్కో వెల్ (చిన్న గుంట)లో పొట్టి డీఎన్‌ఏకు ఒక్కో బిల్డింగ్ బ్లాక్ (చిన్న రసాయన ముక్క) అతికించి, అదేమిటో తెలిపే డీఎన్‌ఏ ట్యాగును లైగేజ్ అనే ఎంజైముతో కలుపుతారు. అన్నిటినీ ఒకచోట కలిపేసి, మళ్లీ వెల్స్‌లోకి పంచుతారు. వెయ్యేసి బ్లాకులతో మూడు విడతలు చేస్తే వంద కోట్ల రకాల అణువులు ఒక్క ట్యూబులో ఇమిడిపోతాయి. వాటిని బీడ్స్‌కు (సన్నటి పూసలు) పట్టించిన, మందు పనిచేయాల్సిన ప్రోటీన్‌తో కలిపి, అంటనివి కడిగేసి, అంటినవాటిని వేడితో విడదీసి, వాటి ట్యాగులకు పీసీఆర్‌తో కాపీలు తీసి, వాటిని చదివే సీక్వెన్సింగ్‌కు పంపుతారు. ప్రోటీన్ లేని ఖాళీ బీడ్స్‌తోనూ ఇదంతా చేయాలి. లేదంటే బీడ్స్‌కే అంటుకున్న చెత్తను మందనుకుంటాం.

చిక్కు ఎక్కడంటే, గట్టి యాసిడ్ తగిలితే డీఎన్‌ఏలోని అడినిన్, గ్వానిన్ ఊడిపోతాయి. అందుకే బాక్ గ్రూపు (అమైన్‌కు తాత్కాలికంగా తొడిగే రక్షణ) తీయడానికి టీఎఫ్‌ఏ అనే గట్టి యాసిడ్ బదులు బఫర్‌లో వేడి చేస్తారు. విడతకు 70 శాతమే రియాక్షన్ జరిగితే, మూడు విడతల తర్వాత సరైన అణువు 34 శాతమే. సగంలో ఆగినవాటికీ అవే ట్యాగులు! సీక్వెన్సింగ్ చూపించిన అణువును డీఎన్‌ఏ లేకుండా విడిగా తయారుచేస్తే, ఒక్కోసారి ప్రోటీన్ దాన్ని అసలు పట్టుకోదు. అప్పుడు సగంలో ఆగిన రూపాలనూ తయారుచేసి చూడాలి. ఇలాంటిది తేల్చగలిగేది సింథసిస్ బాగా వచ్చినవాళ్లే. జీఎస్‌కే మందుల సంస్థ తయారుచేసిన, ఆర్‌ఐపీ1 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే నిరోధకం డెల్‌లో దొరికిన అణువుతోనే మొదలై మనుషులపై పరీక్షల దాకా వెళ్లింది.

చివరి ఏడాదిలో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌లో కెమిస్ట్రీ పేపర్ రాయించండి. ఎమ్మెస్సీ ఆర్గానిక్ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్, పీహెచ్‌డీ. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ప్రోటీన్‌కు అంటే అణువులను ఏరే సెలెక్షన్ ప్రయోగాలే ఇష్టమైతే మాత్రం బయోకెమిస్ట్రీ మంచిది.

డెల్ పేరుతో ఉద్యోగాలు మన దగ్గర తక్కువ. చెంగ్డూలోని హిట్‌జెన్, అమెరికాలోని ఎక్స్‌కెమ్ లాంటివి ఈ పనికే ప్రసిద్ధి. మొదట హైదరాబాద్ కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీల్లో మామూలు సింథసిస్ కెమిస్టుగా చేరినా నష్టం లేదు, ఆ అనుభవమే డెల్‌లోనూ పనికొస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో అమైడ్ కప్లింగ్, సుజుకి లాంటి ముక్కలు అతికించే రియాక్షన్లు చేసి, ఎల్‌సీ-ఎంఎస్ యంత్రంలో కన్వర్షన్ (ఎంత శాతం రియాక్షన్ జరిగిందో) లెక్కగట్టడం నేర్చుకోమనండి. సెలవుల్లో పైథాన్ ప్రోగ్రామింగ్, అణువులతో పనిచేసే ఆర్‌డీకిట్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టొచ్చు.