పేకాట సోదాకి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఎస్సైగా నీకు తొలి పోస్టింగు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం తల్లీ. సంక్రాంతి దగ్గర పడుతోంది కదా, ఫలానా ఇంట్లో పేకాట నడుస్తోందంటూ స్టేషన్‌కి ఫోన్లు మొదలవుతాయి. అలాంటప్పుడు ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

ముందు వారంటు. మన ఆంధ్రప్రదేశ్‌లో పేకాట కేసులు 1974 నాటి గేమింగ్ చట్టం కింద నడుస్తాయి. నమ్మదగిన సమాచారం ఉంటే మేజిస్ట్రేట్ గానీ, ఆ చట్టం చెప్పిన పై హోదా అధికారి గానీ 5వ సెక్షన్ కింద వారంటు ఇస్తారు. అది చేతిలో ఉంటే రాత్రయినా వెళ్లొచ్చు, తలుపు తీయకపోతే బలం వాడొచ్చు. అసలు లాభం కోర్టులో తెలుస్తుంది. ఆ సెక్షన్ ప్రకారం చేసిన సోదాలో పేకముక్కలు దొరికితే, ఆట నడుస్తుండగా నువ్వు చూడకపోయినా అది జూదగృహమేనని 6వ సెక్షన్ అనుకోనిస్తుంది. కాదని చూపించుకోవాల్సింది అవతలివాళ్లే. వారంటులో లోపం ఉందా, ఆ ఊతం పోతుంది. ప్రతి విషయమూ నువ్వే రుజువు చేసుకోవాలి.

వారంటు తెచ్చేలోపు అంతా సర్దేస్తారనిపిస్తే, ఆ తొందర ఎందుకో బయల్దేరకముందే రాసిపెట్టు. బీఎన్ఎస్ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, 185వ సెక్షన్ ప్రకారం దాని నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి చేరాలి. తిరిగొచ్చాక తీరిగ్గా అల్లిన కారణాలు కోర్టులో అవతలి వకీలు అడిగే ప్రశ్నల ముందు నిలబడవు.

ఆ ఇల్లు జూదగృహమా కాదా అన్నది కూడా ముందే ఆలోచించు. అంకెల మీద పందెం కాసే మట్కా లెక్క వేరు. పేకాటలో మాత్రం ఇంటాయన ఆటకింత, మనిషికింత అని వసూలు చేసుకుంటున్నాడా అన్నదే ప్రశ్న. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముక్కలు గుర్తుపెట్టుకుని ఆడే రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అనీ, మూడు ముక్కలాట లాంటిది కాదనీ 1967లో కోర్టు చెప్పింది. ఆడినందుకు క్లబ్బు తీసుకున్న కొద్దిపాటి రుసుమును లాభంగా లెక్కపెట్టలేదు. పండక్కొచ్చిన బావా బావమరుదులు వరండాలో కూర్చున్నారని ఎవరో పగతో ఫోన్ చేస్తే, నువ్వు వాళ్ల పగకి పనిముట్టువి కాకూడదు.

మధ్యవర్తులుగా, అంటే సోదాకి సాక్షులుగా, ఆ ప్రాంతంలోనే ఉండే, కేసుతో సంబంధం లేని ఇద్దరు పెద్దమనుషుల్ని పిలువు. ప్రతి కేసులోనూ అదే మనిషి సంతకం కనిపిస్తే ఏ కోర్టూ నమ్మదు. 2024 జూలై నుంచి సోదా మొత్తం వీడియో తీయాలి. గుమ్మం బయటే ఫోన్ ఆన్ చేయించి, దొరికిన వస్తువుల జాబితా మీద సంతకాలయ్యేదాకా ఆపనివ్వకు. మీవాళ్ల జేబులు ముందు మధ్యవర్తులకు చూపించి లోపలికి వెళ్లడం మంచి పద్ధతి.

డబ్బు దగ్గరే పేచీలన్నీ వస్తాయి. చాప మీద పడి ఉన్నది వేరు, ఒక్కొక్కరి జేబులో దొరికింది వేరు. అంతా ఒక్కచోట కుప్ప పోయించకు. మనిషి పేరు, నోట్ల వివరం, మొత్తం అక్కడికక్కడే రాయించి, విడివిడిగా కవర్లలో పెట్టి సీలు వేయించు. బీరువాలో పిల్లల ఫీజు కోసమో ధాన్యం అమ్మగానో దాచుకున్న సొమ్ము కనిపిస్తుంది. జూదానికి వాడారనో, వాడబోతున్నారనో అనుమానించడానికి తగిన ఆధారం లేకపోతే దాన్ని ముట్టుకునే హక్కు నీకు లేదు. ఎక్కువ చూపిస్తే పత్రికల్లో బాగుంటుందని ఎవరైనా అంటే వినకు.

ఆ ఇంట్లో ఆడవాళ్లు, చదువుకునే పిల్లలు ఉంటారు. వాళ్లు నేరస్తులు కారు. ఆడవాళ్లను సోదా చేయాల్సి వస్తే ఆడపోలీసే, మర్యాదగా, మగవాళ్ల కళ్ల ముందు కాకుండా చేయాలి. ఇంటాయన సోదా దగ్గర ఉంటానంటే ఉండనివ్వాలి, అది ఆయన హక్కు.

ఫోన్లలో ఆడే డబ్బాటలకు 2020లో మన రాష్ట్ర సవరణ, 2025లో కేంద్ర చట్టం వచ్చాయి. కేంద్ర చట్టం అధీకృత అధికారికి వారంటు లేకుండా సోదా చేసే అధికారం ఇచ్చింది. ఆ అధికారం నీకు ఉందో లేదో నోటిఫికేషన్ చూశాకే కదులు.

బయటికొచ్చే ముందు జాబితా నకలు ఇంటాయన చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకో. వేళకి తిను, నిద్ర మానుకోకు.

ఇట్లు,
నీ పెదనాన్న